రెల్లులో నూట నలభైమూడు గూళ్ళు

ఓడలో ఉన్న మావారికి,

మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తయ్యా నేనూ సుఖంగా ఉన్నాం. అక్కడ మీరూ, మీ చేతి వంట తింటున్న ఇరవై రెండు మందీ కులాసాగా ఉన్నారనుకుంటాను. మొన్న ఫోన్‌లో మాట తెగిపోతూ ఉంటే మీరు మూడుసార్లు "ఏమిటీ? ఏమిటీ?" అన్నారు. నేను చెప్పాలనుకున్నది అలా అరిచి చెప్పే సంగతి కాదు. అందుకే కాగితం పట్టాను. మీ ఓడ ఆగబోయే రేవుకి ఈ ఉత్తరం మీకన్నా ముందే చేరుతుందని పోస్టాఫీసు గుమాస్తా గట్టిగా చెప్పాడు. చూద్దాం.

ముందు మీ ప్రశ్నలకు జవాబులు. అత్తయ్య కంటి ఆపరేషన్ బాగా జరిగింది. కట్టు విప్పిన రోజు నన్ను దగ్గరకు పిలిచి, కిందికీ పైకీ చూసి, "ఏమిటే, ఇంత తెల్లజుట్టు ఎప్పుడొచ్చింది నీకు?" అంది. "మీ అబ్బాయి ఓడెక్కాక" అన్నాను. వంటింటి కొళాయి ఇంకా కారుతూనే ఉంది. కింద బకెట్టు పెట్టాను, అది మీరొచ్చి చేయాల్సిన పని. ఇక మూడో ప్రశ్న. "నువ్వేదో ఎగరేస్తున్నావని అమ్మ అంది, ఈ వయసులో నీకు గాలిపటాలేమిటి?" అని రాశారు. గాలిపటం కాదండీ, డ్రోను. మనం అన్నం తినే కంచమంత ఉంటుంది. నాలుగు రెక్కలు, కడుపు కింద కెమెరా. గుయ్యిమని మోత చేస్తుందని అత్తయ్య దానికి కందిరీగ అని పేరు పెట్టింది. ఇప్పుడు ఆఫీసులో కూడా అందరూ అలాగే అంటున్నారు.

ఇదంతా ఎలా మొదలైందో చెబుతాను. మా చిత్తడినేలకు ఉత్తరం వైపు పెద్ద రెల్లుతోపు ఉంది కదా, గట్టు మీద నిలబడితే అవతలి కొస కనబడదు. దాన్ని మట్టితో పూడ్చి లారీలు నిలిపే మైదానం చేసుకుంటామని ఒక కంపెనీ దరఖాస్తు పెట్టింది. "లోపల మూడేళ్ళుగా ఒక్క పక్షిగూడు కూడా లేదని మీ రిజిస్టరే చెబుతోంది కదా" అని వాళ్ళ వాదన. నెలాఖరులో కమిటీ కూర్చుని తేల్చేస్తుందన్నారు. మా ఆఫీసరుగారు పక్షుల కాపలా చూసే మా ఐదుగురు వాచర్లనీ పిలిచి, బల్లమీద ఒక పెట్టె పెట్టారు.

"పై ఆఫీసు నుంచి డ్రోను పంపారు. మూడు వారాలు టైముంది. ఎవరు నేర్చుకుంటారు?"

అందరూ ఎవరి బూట్లు వాళ్ళు చూసుకున్నారు. నేను చెయ్యెత్తాను.

"మీరా?" అన్నారాయన. సెల్‌ఫోనులో ఫోటో తీయబోయి నా బొటనవేలు ఫోటో తీసిన మనిషిని కదా, ఆశ్చర్యపోవడంలో తప్పులేదు.

"నేనేనండి."

నాకెందుకంత ఆత్రమో ఎవరూ అడగలేదు. మీకు చెబుతాను, కాస్త ఆగండి.

నేర్పడానికి వచ్చినాయన పెళ్ళిళ్ళలో డ్రోనుతో వీడియోలు తీసే మాస్టారు. లావుపాటి మనిషి, మాట మెత్తన. మొదటి రోజు యంత్రాన్ని ముట్టుకోనివ్వలేదు. "ఎగరేయడం రెండు రోజుల పనమ్మా. ఎప్పుడు ఎగరేయకూడదో తెలుసుకోవడానికే మిగతా రోజులన్నీ" అన్నారు. అనుమతి కాగితం చేతికొచ్చేదాకా పెట్టె తెరవకూడదు. గాలి ఎంత వేగంగా ఉందో చూడాలి. బ్యాటరీలో మూడో వంతు మిగిలుండగానే వెనక్కి తెచ్చేయాలి. యంత్రం మన కంటికి కనబడేంత దూరంలోనే ఉండాలి. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకుని, ఇంట్లో అత్తయ్యకు అప్పగించేదాన్ని. రెండో వారానికి ఆవిడే నాకు అందించడం మొదలుపెట్టింది.

అన్నిటికన్నా కష్టం కుడి ఎడమలు. యంత్రం మనకు వీపు పెట్టి ఉన్నంతసేపూ బాగానే ఉంటుంది. మనవైపు తిరిగిందా, మన కుడి దానికి ఎడమ. నాలుగో రోజు ఆఫీసు పక్క ఆటస్థలంలో దాన్ని నావైపు తిప్పి, కుడికి పొమ్మన్నాను. అది ఎడమకి పోయి, ఆఫీసు వెనక ఆరేసిన ఆఫీసరుగారి యూనిఫాం చొక్కాలో దూరి, చొక్కాతో సహా కిందపడింది. రెండు రెక్కలు విరిగాయి. చొక్కా సంగతి అడక్కండి. నాకు తల కొట్టేసినట్టయింది. తోటి వాచర్లు పొట్ట పట్టుకుని నవ్వారు. మాస్టారు మాత్రం జేబులోంచి కొత్త రెక్కలు తీసి బిగిస్తూ, "నేను పెళ్ళికొడుకు తలపాగా ఎగరగొట్టానమ్మా. మీది చొక్కాయే కదా" అన్నారు.

ఆ తర్వాత రోజూ పొద్దున రెండు గంటలు సాధన చేశాను. కుర్చీ వేసి, దాని నెత్తిన గాల్లో కందిరీగను కదలకుండా నిలబెట్టడం. తర్వాత పొలం దున్నినట్టు చాళ్ళు చాళ్ళుగా నడపడం, ఒక్కో ఫోటో అంచు పక్క ఫోటో మీద పడేలా చూసుకోవడం. అలా తీస్తేనే కంప్యూటరు అన్నిటినీ అతికించి ఒకే పెద్ద పటం చేస్తుంది. పక్షుల విషయంలో మాత్రం నేనే మాస్టారికి పాఠం చెప్పాను. నెత్తిమీదికి నిలువుగా దిగితే గద్ద అనుకుంటాయి. దూరంగా పైకి లేపి, పక్క నుంచి మెల్లగా పోవాలి. ఒక్క పక్షి మెడ నిక్కించినా ఆగిపోవాలి, రెండు నిక్కిస్తే వెనక్కి వచ్చేయాలి. పటం కన్నా గుడ్డు ముఖ్యం. ఆయన తన పుస్తకంలో రాసుకున్నారు. నాకు ఎంత గర్వం వేసిందో!

అసలు రోజు వచ్చింది. తెల్లవారగానే గట్టు మీదికి చేరాం. ఆకు కదలడం లేదు. ఆఫీసరుగారు, మాస్టారు, నేను. నాలుగో మనిషి మీ అమ్మగారు. "కొత్త కన్ను పెట్టించుకున్నది గోడలు చూడడానికా?" అని నల్లకళ్ళద్దాలు తగిలించుకుని నా స్కూటరు వెనకెక్కింది. వద్దంటే వినే మనిషా?

లేపాను. అరవై మీటర్ల ఎత్తు. చేతిలో తెర మీద రెల్లు, రెల్లు, మళ్ళీ రెల్లు. గట్టునుంచి సగం దూరం పోయింది, ఏమీ లేదు. ఆఫీసరుగారు ఊపిరి బరువుగా వదిలారు. ఇంకో చాలు నడిపాను. ఇంకొకటి. అప్పుడు రెల్లు మధ్యలో, ఎవరో తొక్కి పరిచినట్టు ఒక గుండ్రటి మచ్చ కనబడింది. దాని పక్కన ఇంకొకటి. ఒకదాంట్లో సన్నటి మెడ ముడుచుకుని కూర్చున్న ఊదారంగు కొంగ. పక్క గూట్లో పక్షి లేదు, నాలుగు నీలం గుడ్లున్నాయి.

"అమ్మాయ్, అది గూడే కదూ?" అంది అత్తయ్య నా భుజం గిల్లుతూ.

అప్పుడే ఒక కొంగ మెడ నిక్కించింది. వెంటనే యంత్రాన్ని ఇంకో ఇరవై మీటర్లు పైకి తీసి ఆపేశాను. కాసేపటికి ఆ మెడ మళ్ళీ ముడుచుకుంది. అప్పుడు మిగతా చాళ్ళు నడిపాను.

ఆ మధ్యాహ్నం ఆఫీసులో పటం ముందు కూర్చుని గూటికో చుక్క పెడుతూ లెక్కపెట్టాం. ఒకరి లెక్క ఒకరికి చెప్పకూడదని నియమం. ఆఫీసరుగారికి నూట ముప్పై ఎనిమిది వచ్చాయి. నాకు నూట నలభైమూడు. తేడా వచ్చిన ఐదు చోట్లా పెద్దవి చేసి చూస్తే, ఐదూ గూళ్ళే. ఆయన కుర్చీలోంచి లేచి, పాడైన చొక్కా సంగతి కూడా మరిచిపోయి, నాతో చేయి కలిపారు.

ఇంతవరకూ మీకు ఫోన్‌లోనైనా చెప్పగలిగేదాన్ని. ఇక అసలు సంగతికి వస్తాను.

కమిటీ సమావేశంలో మా పటం గోడమీద వేసి చూపించారు. అధ్యక్షురాలు పెద్దావిడ, బాగుందన్నట్టు తలాడించారు. అప్పుడు కంపెనీ ఇంజినీరు లేచాడు. "పక్షులున్నాయి, కాదనను. కానీ ఇవి ఈ ఏడే దారి తప్పి వచ్చినట్టున్నాయి. మూడేళ్ళ రిజిస్టరు చూడండి. లేవు, లేవు, లేవు. వచ్చే ఏడు మళ్ళీ ఉండవు. వీటికోసం పని ఆపుతామా?" అన్నాడు. రిజిస్టరు తెరిచి చూపించాడు. ఆ మూడు 'లేవు'లూ నా చేతిరాత.

ఏమండీ, మీరు మొదటిసారి ఓడెక్కిన నెలకే నేను ఆ రెల్లులో మునిగిపోయాను. గూళ్ళ లెక్కకి ఒంటరిగా లోపలికి వెళ్ళాను. నేలలా కనబడేది నేల కాదు, నీటి మీద తేలే రెల్లువేళ్ళ చాప. కాలు పెట్టగానే చిరిగింది. మెడదాకా దిగిపోయాను. ఒక రెల్లుకట్టను కావిలించుకుని రెండు గంటలు ఉన్నాను. అరిచి అరిచి గొంతు పోయింది. చివరికి ఆ రెల్లునే పట్టుకుని పాకుతూ బయటపడ్డాను. నా ఎడమకాలి మీది మచ్చ బాత్రూములో జారిపడితే వచ్చిందని మీకు చెప్పాను. అబద్ధం. అప్పుడే సముద్రం మీదికి వెళ్ళిన మనిషి, ఇది తెలిస్తే వంట చేయగలడా, నిద్రపోగలడా అనుకున్నాను. అది ఒక కారణం. చెప్పుకోవడానికి సిగ్గుపడ్డాను, అది రెండోది.

ఆ తర్వాత మూడేళ్ళూ నా కాళ్ళు లోపలికి పోలేదు. గట్టు మీద నిలబడి దుర్భిణితో చూసి, 'కనబడలేదు' అని రాయాల్సిన చోట 'లేవు' అని రాశాను. కొంగలు అటే దిగడం చూశాను కూడా. అవతలి ఒడ్డుకు పోతున్నాయిలే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నేను రాసిన ఆ ఒక్క మాటతో వాటి ఇళ్ళు మట్టిలో పూడిపోయేవి. డ్రోనుకోసం చెయ్యెత్తింది అందుకు.

సమావేశంలో నన్నెవరూ వేలెత్తి చూపలేదు. ఊరుకుంటే ఊరుకోవచ్చు. కానీ నా అంతట నేనే లేచి నిలబడ్డాను.

"అమ్మా, ఆ రిజిస్టరు రాసింది నేను. ఆ మూడేళ్ళూ నేను లోపలికి వెళ్ళలేదు. భయపడ్డాను. చూడకుండా లేవని రాశాను. ఆ మాట తప్పు."

ఆఫీసరుగారు నావైపు చూడలేదు. "మరి అప్పుడు గూళ్ళున్నాయని రుజువేమిటి?" అని ఇంజినీరు అడిగాడు. నా దగ్గర జవాబుంది. ముందురోజంతా పటం ముందు కూర్చుని వెతికింది దానికోసమే. వెళ్ళి గోడమీద వేలు పెట్టి చూపించాను. కొత్త గూళ్ళ పక్కన కుంగి నల్లబడిన పాత దిబ్బలు. వాటికిందనుంచి ఇంకా పాతవి అంచులుగా బయటికి కనబడుతున్నాయి. "ఒక్క ఏడాదిలో ఇన్ని పొరలు పడవండి. ఇవి ఏటేటా ఇక్కడే కట్టుకుంటున్నాయి. నేనే చూడలేదు."

అధ్యక్షురాలు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, చాలాసేపు పటాన్నే చూశారు. తర్వాత ఒక్కొక్కరినీ అడిగారు. కమిటీలోని ఏడుగురూ ఒకే మాట చెప్పారు. రెల్లుతోపులో ఒక్క తట్ట మట్టి పడకూడదని రాసి సంతకాలు చేశారు. లారీలకు పాత ఇటుకబట్టీ స్థలం చూసుకోమన్నారు. వరండాలోకి రాగానే మాస్టారు నన్ను చూసి రెండు చేతులూ పైకెత్తి, ఆ లావుపాటి మనిషి, చిన్నపిల్లాడిలా గంతేశారు!

తప్పుకి మందలింపు కాగితం వచ్చింది. దానికి నేను తగినదాన్నే. ఆఫీసరుగారు రెండు రోజులు మాట్లాడలేదు. మూడోరోజు నా బల్లమీద కందిరీగను దాచే బీరువా తాళంచెవి పెట్టి, "ఇకనుంచి లెక్కలన్నీ మీవే. కనబడనిది కనబడలేదనే రాయండి" అని వెళ్ళిపోయారు.

ఇంటికొచ్చి అత్తయ్యకూ చెప్పాను. ఆవిడ చేస్తున్న పని ఆపకుండానే, "నాకు తెలుసులే. ఆ రోజు నీ బట్టల్లోంచి బకెట్టు బురద వచ్చింది. బాత్రూములో అంత బురద ఎక్కడిదే? నువ్వే చెబుతావని చూస్తున్నాను. మూడేళ్ళు పట్టింది" అంది. తర్వాత నా కాలు తన ఒళ్ళోకి లాక్కుని ఆ మచ్చను నిమిరింది. అప్పుడు ఏడ్చాను. అప్పటిదాకా ఏడవలేదు.

మీకు కోపం వస్తే పూర్తిగా రాయండి, మింగకండి. ఈ మూడేళ్ళూ మీ కోపాన్ని కూడా మీ దగ్గరనుంచి దొంగిలించాను. కానీ ఇంకోమాట కూడా వినండి. నిన్న కొంగపిల్లల లెక్కకి వెళ్ళాం. పక్క సరస్సుల నుంచి ముగ్గురు ఆడవాచర్లు నేర్చుకోవడానికి వచ్చి నన్ను "మాస్టారూ" అన్నారు. గూళ్ళనిండా దువ్వని జుట్టుతో పిల్లలు. తెర మీద చూస్తుండగా ఒక పెద్ద కొంగ రెక్కలు చాచి, కందిరీగకు బాగా కింద, తొందరేమీ లేకుండా రెల్లు దాటుకుంటూ పోయింది. పంతొమ్మిదేళ్ళ ఉద్యోగంలో తలెత్తి వాటి పొట్టలే చూశానండీ. నిన్న మొదటిసారి, ఎగిరే కొంగ వీపు చూశాను. ఎండ పడి మెరుస్తోంది.

ఇట్లు,
మీ రాకకోసం చూస్తున్న
మీ ఇల్లాలు