ఎఫ్రాయీన్ టాక్సీకి నాలుగు కెమెరాలు

ఎఫ్రాయీన్,

మెకానిక్ పది గంటలకు వస్తాడు. నాలుగు కెమెరాల సెట్టే బిగించమను. ముందొకటి, వెనకొకటి, పక్కలకు చెరొకటి. తెర చిన్నదే చాలు. నిన్న షాపులో ఆ పెద్ద తెర ముందు నోరు తెరుచుకుని నిలబడ్డావు. అందులో ఫుట్‌బాల్ మ్యాచ్ రాదని షాపతను చెప్పగానే నీ మొహం చూడాల్సింది! బండి లోపల మాత్రం కెమెరా వద్దు. నువ్వు పాడే పాటలు రికార్డయితే మన పరువే పోతుంది.

"వల్పరైసో కొండల మీద ముప్పై ఏళ్లుగా నడుపుతున్నా, నాకు వెనక కెమెరా ఒక్కటి చాలు" అని మళ్లీ మొదలుపెట్టకు. ఆదివారం నువ్వు బండి వెనక్కి తీస్తుంటే, తన గుమ్మం పక్కన చిక్కుళ్లు వలుస్తున్న పక్కింటి పెద్దావిడ దోన్యా ఒర్తెన్సియాకు జానెడు దూరంలో ఆగింది. ఆవిడ కూర్చున్న మూల వెనక కెమెరాకు కనిపించదు. పైగా ఆవిణ్ణే కసిరావు: "వీధిలో కుర్చీ ఏంటమ్మా, ఇదేమన్నా నీ వంటిల్లా?"

"నలభై ఏళ్లుగా ఇక్కడే కూర్చుంటున్నా నాయనా. కొత్తగా వచ్చింది నీ మెడనొప్పే" అంది ఆవిడ.

ఆ రోజు టీ కప్పు రెండు చేతులతో పట్టుకున్నావు. నేను చూడనట్టు గిన్నెలు సర్దుకున్నాను.

పొయ్యి మీద కోడి పులుసు ఉంది. మెకానిక్‌కు పెట్టు. దోన్యా ఒర్తెన్సియాకూ ఒక గిన్నె తీసుకెళ్లి, తప్పయిందని చెప్పు.

సొరాయిదా

ఇంకో మాట. రోజూ పొద్దున నీ పక్కన కూర్చుని మార్కెట్ దాకా వస్తున్నది బస్సు దొరక్క కాదు. నీ మెడ తిరగని వైపు నేను చూస్తున్నాను. కెమెరాలు వచ్చినా ఆ సీటు నాదే.