అవతలి ఒడ్డు పొగగొట్టం

మంగళవారం, ఫిబ్రవరి పదకొండు

యోరున్ అక్కకు,

నీ చెల్లెలు ఒడ్నీ ప్రేమతో రాసుకునే ఉత్తరం. తిండికీ కట్టెలకూ లోటు లేకుండా ఉన్నాను. నువ్వూ అక్కడ ట్రోమ్సోలో తుంటి నొప్పి తగ్గి, గోడ పట్టుకోకుండా నడుస్తున్నావని అనుకుంటున్నాను. నా రాత ఎప్పుడూ కోడి గెలికినట్టే ఉంటుంది. ఈసారి కిరసనాయిలు దీపం వెలుతురులో రాస్తున్నాను కాబట్టి ఇంకా కష్టం. కళ్ళద్దాలు తుడుచుకుని నెమ్మదిగా చదువుకో.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. కంట్లో చుక్కలు రోజూ వేసుకుంటున్నాను. పిల్లి బాగానే ఉంది, పొయ్యి వెనక నుంచి లేవదు. నువ్వు పంపిన ఊలు మేజోళ్ళు నాకు పెద్దవయ్యాయి. అవి ఇప్పుడు వేరొకరి కాళ్ళకు ఉన్నాయి. ఎవరివో చెబుతాను, కంగారుపడకు. నది అవతలి ఇంటి హల్వార్డ్ ఎలా ఉన్నాడని గత రెండు ఉత్తరాల్లోనూ అడిగావు. అతను మా వంటింటి పక్క గదిలో పడుకుని ఉన్నాడు. జ్వరం ఉంది. ఎడమ కాలి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. రోడ్డు ఇంకా తెరవలేదు, ఫోను లేదు, డాక్టరు వచ్చే దారి లేదు. ఈ ఉత్తరం మంచు తోసే బండి వచ్చినప్పుడు దాని డ్రైవరు చేతికిస్తాను. బండి ఎప్పుడొస్తుందో నాకు తెలియదు.

గురువారం మధ్యాహ్నం వాయవ్యం నుంచి మంచు తుఫాను మొదలైంది. నాకు బుధవారం నుంచే మనసు బాగాలేదు, అది నీకు కొత్త కాదు. నాకు మనసు బాగున్న రోజు ఎప్పుడని అడుగుతావు. కానీ ఈసారి గాలి మన చిన్నప్పటి పదమూడు రోజుల తుఫానులా పైకప్పు రేకులు పట్టుకుని గుంజింది. గురువారం రాత్రి కరెంటు పోయింది. శుక్రవారం పొద్దున తలుపు లోపలికి లాగితే ఎదురుగా మంచుగోడ. మన తలుపు చెక్కల గీతలు, గొళ్ళెం బొమ్మ కూడా దానిమీద అచ్చు పడ్డాయి. బయటికి పోవడానికి లేదని తలుపు తన బొమ్మ తనే గీసి చూపించినట్టుంది. కింది అంతస్తు కిటికీలన్నీ తెల్లగా మూసుకుపోయాయి. మేడ మీద చిన్న కిటికీ ఒక్కటే మిగిలింది.

ఆ పదమూడు రోజులూ నీకు గుర్తున్నాయా. అమ్మ మనల్ని రోజూ పొద్దున ఆ కిటికీ దగ్గరికే పంపేది, ఎవరెవరి ఇంట్లో పొగ లేస్తోందో చూసి రమ్మని. అప్పుడు లోయలో ఏడిళ్ళు. నువ్వు పేర్లు చెప్పేదానివి, నేను వేలు చూపించేదాన్ని. పదో రోజున పై ఇంటి విధవ పొగగొట్టం ఖాళీగా ఉందని మనం కిందికి వచ్చి చెప్పగానే నాన్న కాఫీ గిన్నె అలాగే వదిలేసి కిటికీలోంచి మంచు మీద జారే స్కీలు బయటికి తోశాడు. నది అవతల నుంచి హల్వార్డ్ వాళ్ళ నాన్న కూడా పిలవకుండానే బయల్దేరాడు. వాళ్ళు వెళ్ళేసరికి ఆమె బిడ్డను చంకలో పెట్టుకుని ఆవుల మధ్య పడుకుని ఉంది, ప్రాణంతో. పొగ లేదంటే మాటలు లేవు, వెళ్ళడమే. అదే మన లోయ పద్ధతి.

ఇప్పుడు ఈ లోయ పై భాగంలో పొగగొట్టాలున్న ఇళ్ళు రెండే, నాదీ హల్వార్డ్‌దీ. కింద ఒట్టార్ వాళ్ళ ఇల్లుంది గానీ అది మూడు కిలోమీటర్లు. అయినా నేను చూడడం మానలేదు. పోయిన శీతాకాలం అవతల పొగ కనబడలేదని సహాయ దళానికి ఫోను చేశాను. నీకు అప్పుడు సగమే చెప్పాను. పన్నెండు మంది మంచు స్కూటర్ల మీద వచ్చారు. వెళ్ళి చూస్తే హల్వార్డ్ లోపలి బట్టలతో కూర్చుని ఉడకబెట్టిన చేప తింటున్నాడట. వాళ్ళ మేనల్లుడు స్టైనార్ కరెంటుతో వేడిగాలి ఊదే యంత్రం పెట్టించాడు, అందుకని పొయ్యి వెలిగించలేదు. హల్వార్డ్ నది ఒడ్డుకు వచ్చి నిలబడి ఇవతలికి అరిచాడు.

"ఏమే ఒడ్నీ, నేను బతికున్నానని రోజూ నీకు పొగ పెట్టి చూపించాలా?"

కొట్టు దగ్గర అందరూ నన్ను పొగ కాపలాదారు అన్నారు. అది భరించాను. మునిసిపాలిటీ నుంచి ముసలివాళ్ళను చూసిపోయే బెంటే మాత్రం నవ్వకుండా, చాలా మర్యాదగా, మీకు ఒంటరిగా ఇంత భయంగా ఉంటే మీ అక్కగారు ఉండే వృద్ధాశ్రమంలోనే గది ఒకటి ఖాళీ ఉంది, ఇంకొకసారి ఇలా జరిగితే ఆలోచిద్దాం అంది. నీ పక్కన ఉండడం ఇష్టం లేక కాదు. ఈ ఇంటి తలుపు నా చేత్తో మూసి తాళం చెవి వాళ్ళ చేతిలో పెట్టడం తలచుకుంటేనే నాకు ఊపిరాడదు.

ఇక ఆదివారం సంగతి. ఆ రోజు పొద్దున గాలి కాసేపు తగ్గింది. కాఫీ పోసుకుని అలాగే వదిలేశాను. మేడ మీదికి వెళ్ళి చూస్తే అవతల పొగ లేదు. ఫోను అప్పటికే మూగపోయింది. నా కాళ్ళు నదిదాకా కూడా మోయవు. అప్పుడు నాన్న పాత వల గుర్తొచ్చింది, సామాను గదిలో ఉన్న తారు పూసిన వల. దాన్ని గొడ్డలితో ముక్కలు చేసి, పచ్చి జూనిపర్ పొద కొమ్మలతో కలిపి పొయ్యిలో కూరాను. నల్లపొగ పెడితే రండి అని అర్థం కదా. ఇల్లంతా పొగ నిండి పిల్లి కూడా దగ్గింది. ఒట్టార్ వాళ్ళు చూస్తారని నా ఆశ. వాళ్ళు వస్తే హల్వార్డ్‌ను చూసిపెడతారు, తర్వాత నన్ను ఏమైనా చేసుకోనీ అనుకున్నాను.

కింద నుంచి ఎవరూ రాలేదు. ఒట్టార్ నలభై ఏళ్ళవాడు, నల్లపొగ తెల్లపొగ అతనికేం తెలుసు. ఆ పొగ అర్థం తెలిసినవాడు లోయలో ఒక్కడే మిగిలాడు. మధ్యాహ్నం మేడ కిటికీలోంచి చూస్తే నది మంచు మీద ఒక మచ్చ కదులుతోంది. నాలుగు వందల అడుగుల దారి, ఎనభై నాలుగేళ్ళ మనిషికి రెండు గంటలు పట్టింది. ఒక స్కీ నది మంచులో కూరుకుపోయింది. చివరి భాగం మోకాళ్ళ మీద పాకాడు. నేను తలుపు ముందు పారతో బిలం తవ్వి చెయ్యందించాను. లోపలికి వచ్చి, గడ్డానికి మంచు వేలాడుతుండగా నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "నీకేమైంది?" అన్నాడు. నాకేమీ కాలేదని చెబితే అక్కడే నేలమీద కూలబడ్డాడు.

కాళ్ళు గోరువెచ్చని నీళ్ళలో పెట్టాను, మన అమ్మ చేసినట్టు, రుద్దకుండా. వేడి పులుసు తాగించాను. అప్పుడు చెప్పాడు. పోయిన ఏడు జరిగినదానికి రోషం వచ్చి పొయ్యి పీకించి, పొగగొట్టం ఇటుకలతో మూయించేశాడట. అవతలి ఒడ్డు ఆడది ఇక చూడడం మానేస్తుందని. కరెంటు పోయాక ఇంట్లో నిప్పు పెట్టుకునే చోటే లేదు. ఉన్న గొర్రెతోళ్ళన్నీ కప్పుకుని పడుకున్నాడు. తన ఫోను తనకే ఎక్కడుందో తెలియదు. రెండు రోజులు అలాగే ఉండి, నా నల్లపొగ కిటికీలోంచి కనబడితే లేచి వచ్చాడట. భయం వెయ్యలేదా అని అడిగాను.

"ఎందుకే భయం? నువ్వు చూస్తూనే ఉంటావుగా. ఎవరో ఒకరిని పంపుతావని పడుకున్నా."

అక్కా, ఇంతవరకూ రాసి దీపం వత్తి రెండుసార్లు సరిచేశాను. ఇప్పుడు రాయకపోతే ఇంక రాయలేను. శుక్రవారం సాయంత్రం దాకా నా ఫోను పనిచేసింది. ఆ రోజు పొద్దునే గాలి ఒక పావుగంట ఆగితే అవతల పొగ లేదని చూశాను. యంత్రం ఉంది కదా అనుకున్నాను. కరెంటు లేనిదే యంత్రం తిరగదని నాకు తెలుసు. నా ఇంట్లో కూడా దీపం వెలగడం లేదు. తెలిసి కూడా యంత్రం ఉంది, యంత్రం ఉంది అని నాలో నేనే అనుకుంటూ కూర్చున్నాను. మధ్యాహ్నం బెంటే ఫోను చేసింది, ముసలివాళ్ళందరినీ వరుసగా అడుగుతోందట. హల్వార్డ్ ఫోను ఎత్తడం లేదు, ఎప్పుడూ ఎత్తడనుకోండి అని, కొంచెం నవ్వుతూ, "మరి ఈసారి పొగ కనబడుతోందా అమ్మా?" అంది. ఆ నవ్వు వెనక నాకు ఆ గది కనబడింది.

"కనబడుతోంది," అన్నాను.

ఆ ఒక్క మాటే అన్నాను. చూడనిది చూశానన్నాను. జీవితమంతా లేనిపోని భయాలన్నీ అందరికీ చెప్పినదాన్ని, నిజంగా చెప్పాల్సినరోజు నోరు మూసుకున్నాను. శనివారం శాలువా కప్పుకుని కిందే కూర్చున్నాను, మేడ మీదికే వెళ్ళలేదు. శుక్రవారమే నిజం చెప్పి ఉంటే అతని వేళ్ళు మిగిలేవేమో.

నిన్న పగలు జ్వరం కాస్త తగ్గి అతను లేచి కూర్చున్నప్పుడు ఇదంతా చెప్పేశాను. నువ్వు నాకంటే పెద్దదానివి, నీకు ముందు చెప్పాలి గానీ నువ్వు దగ్గర లేవు. అతను గోడ వైపు తిరిగాడు. తిడతాడనుకున్నాను, తిడితే బాగుండేది.

"కోపం వచ్చిందే ఒడ్నీ," అన్నాడు. "లేచి వెళ్ళిపోదామంటే దారి లేదు."

అప్పటినుంచి నాతో మాట్లాడడం లేదు. పులుసు ఇస్తే తాగుతున్నాడు. కట్టు మార్చబోతే కాలు చాపుతున్నాడు, మొహం మాత్రం అటు తిప్పుకుంటున్నాడు. పొయ్యి ఒక్కటే కాబట్టి ఇద్దరం దాని దగ్గరే కూర్చుంటాం. కిటికీలు మూసుకుపోయి ఉన్నాయి. వేరే ఎక్కడ చూడాలో తెలియక ఇద్దరం నిప్పును చూస్తాం. మూడో వేలు కూడా రంగు మారుతోందేమోనని గంటకోసారి దీపం దగ్గరికి తెచ్చి చూస్తున్నాను. మారలేదనే అనుకుంటున్నాను. నా కన్ను మీద నాకు నమ్మకం లేదు.

ఇప్పుడే కింద లోయలోంచి బండి చప్పుడు వినిపించింది, మళ్ళీ ఆగింది, మళ్ళీ వినిపిస్తోంది. హల్వార్డ్ కూడా తల ఎత్తి విన్నాడు. వాళ్ళు రాగానే మొదట అతని కాలు చూడమంటాను. తర్వాత శుక్రవారం నేను ఏమన్నానో బెంటేకి నేనే చెబుతాను, అతను చెప్పేదాకా ఆగను. అప్పుడు ఆ గది మాట ఎత్తితే ఈసారి కాదనను. వెళ్ళే ముందు అతని పొగగొట్టంలో ఇటుకలు తీయించమని మాత్రం స్టైనార్‌ను అడుగుతాను. అవతల అతను వెలిగించుకున్నా ఇవతల చూసే మనిషి ఉండదు. అయినా అడుగుతాను.

నా మీద కోపంగా ఉంటే జవాబు రాయకు. అతని మీద బెంగగా ఉంటే అతనికే రాయి. నీ ఉత్తరమైతే చదువుతాడు.

ఇట్లు,
తప్పు చేసి నీ ముందు తలొంచుకున్న
నీ చెల్లెలు
ఒడ్నీ