పేరు పిలిస్తే కూర్చున్నాడు

శుక్రవారం, ఇబ్రహీంపట్నం

మా యాదగిరి ఇంటికొచ్చాడు! నా కొడుకు వచ్చేశాడు! దొంగతనం కేసులో బెయిలు ఎప్పుడో ఇచ్చారు గానీ, జమానతు నిలబడే మనిషి దొరకక ఇన్నాళ్లూ జైల్లోనే ఉండిపోయాడు. కేసు ఇంకా విచారణకే రాలేదు. ఈ రోజు కొత్తగా వచ్చిన జడ్జమ్మ వాడి సొంత పూచీ మీదే వదిలేసింది. ఆ తల్లి చల్లగా ఉండాలి. ఈ పని మొదట్లోనే చేయొచ్చట, వకీలు చెప్పాడు. మొదట్లోనే చేయొచ్చట!

మా ఆమె కోడికూర చేసింది. నాకు సంతోషం ఆగక, వాడి చిన్నప్పటిలాగే ఇంటిపేరుతో సహా “కావలి యాదగిరీ!” అని కేకేశాను. వాడు వాకిట్లో ఉన్నచోటే గొంతుక్కూర్చుని తల దించుకున్నాడు.

“ఏమైంది బిడ్డా, కాళ్లు నొస్తున్నయా?”

“కాదు బాపు. ఆడ జైల్ల లెక్కకు పేరు పిలిస్తే ఇట్లనే కూసోవాలె.”

“సరే లెవ్వు, బువ్వ సల్లారుతది.”

“లెవ్వమన్నవా?” అని అడిగి మరీ లేచాడు.

“నేనేమన్న జైలు జమేదారునారా నీకు?” అని నవ్వాను. వాడు నవ్వలేదు. మా ఆమె గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది.

తప్పు చేశాడని ఇంకా ఏ కోర్టూ అనలేదు. కూర్చోవడం మాత్రం అప్పుడే నేర్చుకున్నాడు…

పొద్దున్నే చెప్పాలి: నాదర్‌గుల్‌లో పెద్దబిడ్డకు, అల్లుడికి. రావిర్యాల మేనత్తకు. తుక్కుగూడ తమ్ముడికి, జమానతు నిలబడనన్నా సరే, వాడికీ చెప్పాలి. అందరూ రండి, యాదగిరిని కళ్లారా చూసుకోండి. వాకిట్లో నిలబడి మాత్రం వాడిని పేరు పెట్టి పిలవకండి.