పురానీ బస్తీలో మీ బదులు నేను

ఏమండీ,

మీరు పోయిన సంగతి తెలియక, గైడు కావాలని విజయవాడ దంపతులెవరో మీ ఫోన్‌కే చేశారు, ఒక్క పూటలో రాయపూర్ పాత ఊరు చూపించమని. కాదనలేక నేనే వెళ్లాను. "ఆయనకు జ్వరమండీ" అన్నాను. నిజం చెబితే వాళ్లు ఊరు చూడటం మాని నన్ను ఓదారుస్తారని భయం.

మఠం, దర్గా, కాళీబాడీ గుడి చూపిస్తున్నంతసేపూ తెలిసినవాళ్లెవరైనా బయటపెడతారేమోనని చుట్టూ చూస్తూనే ఉన్నాను. మహామాయ గుడి దగ్గర మీకు రోజూ ఎదురయ్యే పూలావిడ నన్ను చూడగానే కళ్లు తుడుచుకుంది. అయిపోయిందనుకున్నాను.

"ఈవిడెందుకేడుస్తోంది?" అని విజయవాడావిడ నన్నడగబోయింది. పూలావిడ నా చూపు గ్రహించి, కల్పించుకుని, "భయ్యా ఆరామ్ కర్ రహే హై" అంది, అన్న విశ్రాంతి తీసుకుంటున్నాడని.

వెళ్లేటప్పుడు విజయవాడావిడ నా చేయి పట్టుకుంది. "వచ్చే నెల మా చెల్లెలొస్తుందమ్మా. అప్పటికి ఆయన కోలుకుంటారుగా?"

తలూపేశాను. ఆ చెల్లెలికేం చెప్పనండీ?