నీలం రవ్వ

తమ్ముడు తిరుపతికి,

బెల్లంపల్లి నుంచి మీ అక్క రాసేది. ఫోన్ల చెప్తే మధ్యలనే అందుకుంటవ్, అందుకే రాస్తున్న.

చూపు పోయినప్పటి సంది మీ బావ తన మెకానిక్ షెడ్డుల అడుగు పెట్టలే. తన పాత మోటార్ సైకిల్ గూడ అమ్మిపెట్టుమని నీకు చెప్పిండు. నువ్వు పెద్దపల్లిల కొనేటాయన్ను చూసినవ్. ఆయన వస్తడని స్టార్ట్ చేసి చూస్తే, ఇంజన్ జర వేడి కాంగనే బండి ఆగిపోవుడే. ఇద్దరు మెకానిక్‌లు చూసిన్రు, రోగం దొరకలే.

నిన్న మీ బావ తనంతట తనే గోడ పట్టుకొని షెడ్డులకు పోయిండు. నన్ను పిలిచి బండి స్టార్ట్ చేయించిండు. అది వేడై ఆగంగనే ప్లగ్గు ఇప్పించి, ఇంజన్‌కు ఆనిచ్చి, దాని మొనకు నిప్పురవ్వ ఎట్ల వస్తుందో చూడుమన్నడు. తను కిక్కు కొట్టిండు.

"రవ్వ ఏ రంగుల ఉంది?"

"ఎర్రగ, సన్నగ ఉంది."

"నీలంగ రావాలె. రవ్వకు బలమిచ్చే కండెన్సర్ పోయింది, వేడైతే పని చేస్తలేదు."

షెడ్డుల ఉన్న కొత్త కండెన్సర్ ఆయన చెప్తుంటే నేనే బిగించిన. మళ్ల కిక్కు కొడితే రవ్వ నీలంగ మెరిసింది. "నీలం! నీలం!" అని నేను ఒర్రితే పక్కింటి దేవవ్వ ఉరికొచ్చింది.

స్టేషన్ దాక బండి నేనే నడిపిన తమ్మీ. మీ బావ వెనుక కూసోని, చప్పుడు విని గేర్లు చెప్పిండు. బండి యాడ గూడ ఆగలే. సోమారం నుంచి ఇద్దరం కలిసి షెడ్డు తెరుస్తున్నం.

బండి అమ్ముతలేమని ఆ పెద్దపల్లి ఆయనకు చెప్పు. ఎందుకని అడిగితే, మా అక్క నడుపుతుందని చెప్పు.

మీ అక్క