నీలం గలేబు కోసింది నేనే

మామా, బాగున్నావా? నువ్వు కన్నుమూసి పద్నాలుగు నెలలయింది.

నాకు అక్షరం రాదని నీకు తెలుసు. నేను చెబుతుంటే సునీత రాస్తోంది. మన వీధి చివర మిషను కుట్టే సుబ్బమ్మ కూతురు. ఈ పిల్లతోనే ఎందుకు రాయిస్తున్నానో చివర్లో చెబుతాను. ముందు కోపం తెచ్చుకోకుండా విను. నీ డీజే పెట్టెల విషయంలో నేనొక తప్పు చేశాను.

సునీత, ప్రొద్దుటూరులో టీచరు పని చేసే భార్గవి, ఇద్దరూ ఒకే ఇంట్లో బతకాలనుకున్నారు. మొగుడూ పెళ్లాల్లాగా... నాకు అర్థం కావడానికే రెండు రోజులు పట్టింది. ఆఫీసులో వాళ్లకు పెళ్లి కాగితం ఇవ్వరంట. అందుకని నలుగురికీ ఒక పూట అన్నం పెట్టి, పాటలు పెట్టించి, మేమిద్దరం ఒకటని చెప్పుకోవాలనుకున్నారు. మన ఎర్రగుంట్లలో ముగ్గురు డీజే వాళ్లు ముందు సరేనని, ఇద్దరూ ఆడపిల్లలేనని తెలిశాక రామన్నారు.

అప్పుడు మన గడప ఎక్కారు. మన కొడుకు బాషా భయపడ్డాడు. రేపు ఇంకెవరూ పెళ్లికి పిలవరని వాడి బాధ. నాకు నీ మాటే గుర్తొచ్చింది. "పిలిచినోళ్ల సంగతి మనకెందుకమ్మే? ఆడ కరెంటు ఉండాదా లేదా చూసుకుంటే సాలు" అనేవాడివి.

నీ కొడుకు తక్కువవాడా? నీదే ఇంకో మాట తీశాడు. ఒకసారి జమ్మలమడుగులో పెద్దల్ని అడక్కుండా పాట వేస్తే, పెండ్లికూతురి మేనమామ వైర్లు పీకి పారేశాడు కదా. అప్పటినుంచి "ఇంటి పెద్ద మైకులో అడిగితేనే మీట నొక్కుతా, ల్యాకుంటే పెట్టె మూసుకోని పోతా" అని పట్టుబట్టావు. ఊరంతా నవ్వినా వదల్లేదు. ఆ షరతు మీదే వస్తానన్నాడు బాషా. భార్గవి ఇంటివాళ్లు రారు. సుబ్బమ్మ నెల రోజులుగా కూతురితో మాట్లాడటం లేదు. పెద్దలు రాకపోతే పాట వేసే పనే ఉండదని వాడి ఎత్తు.

నువ్వైతే ఏం చేసేవాడివి?

ఆ రోజు పొద్దున పెట్టెలు ఆటోకెక్కించక ముందే, పెద్ద పెట్టె గలేబును కత్తెర పెట్టి కోసేశాను. నువ్వు నీలం గుడ్డ తెచ్చి సుబ్బమ్మతో కుట్టించిన గలేబే. జానెడుకు పైనే కోశాను. తర్వాత సుబ్బమ్మకు కబురు పంపాను. గలేబు చిరిగింది, మన ఊరి ఫ్యాక్టరీల సిమెంటు దుమ్ము లోపలికి పోతే మా ఆయన పెట్టె పాడైపోతుంది, సూదీ దారం తీసుకుని భోజనాలు పెట్టే హాలు దగ్గరికి రమ్మని.

ఈ మాట రాస్తూ సునీత కలం ఆపి నా వైపు చూస్తోంది. దానికీ ఇప్పుడే తెలిసింది. రాయమ్మా, రాయి...

మధ్యాహ్నం భోజనాలు మొదలయ్యాయి. నలభై మంది దాకా వచ్చారు. పాట లేదు. గరిటెల చప్పుడు తప్ప ఏమీ లేదు. దినం భోజనాల్లాగా ఉంది మామా. పచ్చ చీర కట్టుకున్న ఈ పిల్ల గేటు చప్పుడైనప్పుడల్లా తల ఎత్తేది. భార్గవి దాని చెయ్యి వదల్లేదు. బాషా వైర్లు చుట్టడం మొదలుపెట్టాడు.

అప్పుడొచ్చింది సుబ్బమ్మ. మెడలో కొలత టేపు అలాగే ఉంది. ఎవరి ముఖమూ చూడకుండా పెట్టె పక్కన కూర్చుని గలేబు చేతిలోకి తీసుకుంది.

ఎన్నో ఏళ్లుగా కుడుతున్న మనిషి... చిరుగుకూ కోతకూ తేడా తెలియదా? ఆ అంచు మీద వేలు పెట్టి చివరిదాకా నడిపించింది. నా వైపు చూసింది. లేచి వెళ్లిపోతుందనుకున్నాను. వెళ్లలేదు. సూదిలోకి దారం ఎక్కించుకుంది.

ఎంత నెమ్మదిగా కుట్టిందో... దారం పంటితో కొరికింది. నేను మైకు పట్టుకుని పక్కనే నిలబడ్డాను. నోరు తెరిస్తే అంతా చెడిపోతుందని భయం. తనే నా చేతిలోంచి తీసుకుంది. బాషాను పేరు పెట్టి పిలిచి, నా బిడ్డకు పాట వెయ్యప్పా అని అడిగింది. హాలంతా వినబడింది.

నీ షరతు తీరింది కదా? బాషా మీట నొక్కాడు. ఆ తర్వాత వాణ్ణి ఆపడం ఎవరి వల్లా కాలేదు. వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పక్కన పెట్టి ఎగిరారు. నా మోకాళ్లు సాగక కూర్చునే చప్పట్లు కొట్టాను.

ఎవరూ మనల్ని వెలివేయలేదు మామా. ఆ తర్వాత రెండు పెళ్లిళ్లకు పిలిచారు. ఒకరిద్దరు మూతి తిప్పారు, తిప్పుకోనీ. ఇప్పుడు కంటినిండా నిద్రపోతున్నాను.

గలేబు కోసినందుకు తిడతావా? "పెట్టె మింద గీత పడితే నా ఒంటి మింద పడినట్టే" అనేవాడివి. తిట్టు, పడతాను.

సునీతతో ఎందుకు రాయించానంటే... వాళ్లమ్మ ఆ రోజు సూదిపని మీద వచ్చి, మొహమాటానికి పాట అడిగిందని ఈ పిల్ల ఇంకా అనుకుంటోంది. అది చిరిగింది కాదు, కావాలని కోసిందని తెలిసే కూర్చుందని దీనికి ఎవరు చెబుతారు? నేను చెబితే నమ్మదు. ఇప్పుడు తన చేత్తోనే రాసుకుంది. కళ్లు తుడుచుకోవడానికి రెండుసార్లు ఆగింది, అందుకే ఇక్కడ అక్షరాలు వంకరగా ఉంటే ఏమీ అనుకోకు.

బాషా కొత్త గలేబు కొందామంటున్నాడు. నేను బతికున్నంత కాలం ఈ నీలం గలేబే ఉంటుంది, ఆ కుట్టుతోనే. ఇది నీకు నా మాట.

కింద వేలిముద్ర వేస్తున్నాను. గుర్తుపడతావు కదా...

నీ హుస్సేనమ్మ