రంగు వెలిసిన పులి

సరళా,

నా తెలుగు పేలవంగా ఉంటే మన్నించు; రాత్రి కళాశాలలో నేను సాధించిన పట్టా హిందీ మాధ్యమంలోనిది.

నీవు పోయి నేటికి ఏడాది. పటం కట్టించుకున్న నీ పాత తపాలా బిళ్ళలో పులి తెల్లగా ఉండడం చూసి, పసుపు పడకుండా అచ్చయిన అరుదైన బిళ్ళ అనుకుని, మన అమ్మాయి నన్ను ఢిల్లీలో పాత బిళ్ళలు అమ్మే దుకాణానికి తీసుకెళ్ళింది. దుకాణదారు చట్రం విప్పితే, అది కప్పిన అంచు మాత్రం పసుపుగానే ఉంది.

"ఛపాయీ కీ గల్తీ నహీ, బేటా. ధూప్ లగీ హై," అన్నాడు. అచ్చులో తప్పు కాదు, ఎండకు వెలిసిందట.

"నాన్నా, కిటికీకి పర్దా అయినా వేయలేదా? అమ్మ పులిని పాడుచేశావు!" అంది అమ్మాయి.

పటాన్ని మళ్ళీ బిగించమన్నాను. మంచం మీద నుంచి పులి కనబడాలని, చివరిదాకా ఆ తెర వేయనివ్వనిది నీవే.

ఈ ఉత్తరాన్ని తరువాత చదవవలసినది అమ్మాయి. తనకు తెలుగు అక్షరాలు రావు. నేర్పుతాను గానీ, నా నోట చదివి వినిపించలేను. అందాకా ఇది పటం వెనుక ఉంటుంది.